‘పాత స్టాకు’ అంటే నమ్మేయకండి: అంబాసిడర్ సామాను అసలుదో నకిలీదో డబ్బు వేయకముందే చూసుకోవడం

మీరు అడిగింది ఇదీ: రాజమండ్రిలో మీ తాతగారి 1967 అంబాసిడర్ మార్క్ 2 ఉంది, దాన్ని మళ్లీ రోడ్డెక్కిస్తున్నారు. వాట్సాప్‌లో పరిచయమైన ఒకాయన ఎస్‌యూ కంపెనీ కార్బురేటర్ (పెట్రోలుని గాలితో కలిపేది), లూకాస్ కంపెనీ డెల్కో (స్పార్కుని ప్లగ్గులకి పంచే డిస్ట్రిబ్యూటర్), హెడ్‌లైట్ల జత, బ్రేక్ మాస్టర్ సిలిండర్ ఉన్నాయంటున్నాడు. అన్నీ పెట్టె విప్పని ‘మేడ్ ఇన్ ఇంగ్లాండ్’ పాత స్టాకేనట. సగం డబ్బు ముందు వేయమంటున్నాడు. డూప్లికేట్ అయితే కొనకముందే కనిపెట్టడం ఎలా?

డబ్బు ఇంకా వేయలేదు కాబట్టి మీ చేతిలో పని ఉంది. నాలుగు సామాన్లకీ ఒకే రకం పరీక్ష కుదరదు. మోసం ఎక్కువగా జరిగేచోట కాస్త ఎక్కువసేపు ఆగి చెప్తాను.

ముందుగా, బజార్లో కొత్తగా చేసిన ప్రతిదీ దొంగ సామాను కాదు. అంబాసిడర్ 2014 మే దాకా కలకత్తా దగ్గర ఉత్తర్‌పారాలో తయారవుతూనే ఉంది. దానికి సామాను చేసిపెట్టే చిన్న వర్క్‌షాపులు ఇప్పటికీ బతికున్నాయి. ‘ఇది లోకల్ అండీ, మేమే చేయించాం’ అని చెప్పి లోకల్ రేటుకు ఇచ్చేవాడితో నాకు ఏ పేచీ లేదు, నేనూ వాడతాను. నిరుడు పోతపోసిన ముక్క మీద లూకాస్ పేరు కొట్టి, పెట్టెని టీ నీళ్లలో ముంచి ఆరబెట్టి, 1967 నాటిదని చెప్పి పదింతలు గుంజేవాడితోనే పేచీ. కాబట్టి ఫొటోలు అడగకముందే ఆయనచేత మూడు సంగతులు మెసేజీలో రాయించండి: ఎవరు తయారుచేశారు, ఏ ఏడాదిది, పార్ట్ నంబరెంత. నిజంగా పాత సామాను అమ్మేవాడు ఇవి అడగకుండానే చెప్తాడు. నకిలీ అమ్మేవాడు ‘ఒరిజినల్ సార్, గ్యారంటీ’ అంటాడే తప్ప ఏడాది దగ్గరికి రాడు. ఒకసారి ఏడాది ఒప్పుకున్నాడంటే మీకు పట్టు దొరికినట్టే. ఆ ఏడాది పెట్టె మీద అచ్చులో కనబడాలి, లోహం మీద కొట్టిన అంకెల్లో కనబడాలి, స్క్రూ థ్రెడ్‌లో కూడా కనబడాలి. నకిలీ చేసేవాడు వీటిలో ఒకటో రెండో సరిచూసుకుంటాడు గానీ అన్నీ చూసుకోడు.

ఇంకో సంగతి కూడా మనసులో పెట్టుకోండి. మీ బండికి ‘మేడ్ ఇన్ ఇంగ్లాండ్’ అన్న ముద్ర ఉన్నదే అసలుదని ఎవరూ అనలేదు. లూకాస్-టీవీఎస్ మద్రాసు దగ్గర పాడిలో 1960ల మొదట్లోనే మొదలైంది. 1967 అంబాసిడర్‌లో మద్రాసు లూకాస్ సామాను ఉంటే అది ఫ్యాక్టరీ నుంచి వచ్చిందే అయ్యుండొచ్చు. ‘ఇంగ్లాండ్’ అన్నమాటకి మనవాళ్లు పెట్టే ఎక్కువ రేటు చూసే ఆ ముద్రలు అన్ని పుడుతున్నాయి. బండిలో ఇప్పుడున్న పాత డెల్కో, పాత కార్బురేటర్ పారేయకండి. వాటి మీది నంబర్లు రాసిపెట్టుకోండి, వాటినే బాగుచేయించే వీలుందేమో చూడండి. బుష్ (షాఫ్ట్ తిరిగే గొట్టం లాంటి ముక్క) మార్చి, షాఫ్ట్ సరిచేస్తే చాలాసార్లు అవే మళ్లీ నడుస్తాయి.

ఇక పెట్టె. వాట్సాప్ ఫొటోలోనే సగం తేలిపోయేది ఇక్కడే. మన దేశంలో తయారైన సామానని చెప్తే చిరునామా చదవండి. ఆరంకెల పిన్‌కోడ్ వచ్చింది 1972 ఆగస్టు 15న. అంతకుముందు ‘బొంబాయి-1’, ‘మద్రాసు-2’, ‘కలకత్తా-16’ అన్నట్టు ఊరి పక్కన చిన్న జోన్ నంబరు మాత్రం ఉండేది. ‘పాడి, మద్రాసు-600 050’ అని అచ్చేసిన పెట్టెని 1967 నాటిదంటే ఇంక మాట్లాడాల్సిన పనిలేదు. ఊరి పేరు కూడా సాక్ష్యమే: ముంబై అన్న పేరు 1995లో వచ్చింది, చెన్నై 1996లో, కోల్‌కతా 2001లో. ‘అన్ని పన్నులతో కలిపి’ అంటూ ఎమ్మార్పీ వేయడం 1990 తర్వాతి అలవాటు. అంతకుముందు పెట్టెల మీద ధర ఉంటే పక్కన ‘లోకల్ ట్యాక్సెస్ ఎక్స్‌ట్రా’ అని ఉండేది. ₹ గుర్తు 2010లో వచ్చింది. దుకాణాల్లో బార్‌కోడ్ వాడకం ప్రపంచంలోనే 1974లో మొదలైంది, మన సామాను మీదికి ఇంకా ఆలస్యంగా వచ్చింది. స్పార్కు ప్లగ్గులు చేసే బెంగళూరు మైకో కంపెనీ పేరు బాష్ లిమిటెడ్‌గా మారింది 2008లో. కాబట్టి పద్మిని కారు ప్లగ్గుల పెట్టె మీద ‘బాష్ లిమిటెడ్’ అని ఉండి అమ్మేవాడు ‘ఎనభైల నాటి స్టాకు’ అంటే నవ్వుకుని వచ్చేయండి. ఇంగ్లాండ్ లూకాస్ పెట్టెలకీ ఇదే లెక్క: అరవైలలో ‘బర్మింగ్‌హామ్ 19’ అని ఉండేది, బి19తో మొదలయ్యే పూర్తి పోస్ట్‌కోడ్ ఆ తర్వాతి సంగతి.

పెట్టె చేతికొస్తే అచ్చుని భూతద్దంతో చూడండి. గడియారాలు బాగుచేసేవాళ్లు కంటికి పెట్టుకునే పదింతల అద్దం రెండు మూడొందలకి దొరుకుతుంది. పాత పెట్టెల మీద ఎరుపు, ఆకుపచ్చ లాంటి రంగుల్ని విడివిడి సిరాతో నిండుగా అచ్చేసేవాళ్లు. అక్షరం అంచు గీత గీసినట్టు నున్నగా ఉంటుంది. ఇప్పటి నకిలీ పెట్టె అసలు పెట్టెని స్కాన్ చేసి తీసిన ప్రింటు. అద్దం కింద ఆ ఎరుపంతా గులాబి, పసుపు చుక్కలుగా విడిపోతుంది, అక్షరాల అంచు నూగుగా కనబడుతుంది. అసలు పెట్టె మీది మరక, ముడత కూడా స్కాన్‌లో పడి అచ్చయిపోతాయి. ఒకే మరక అదే చోట రెండు పెట్టెల మీద ఉన్న ఫొటో నేను చూశాను. మడత దగ్గర అట్ట లోపలి రంగు కూడా చూడండి. యాభై ఏళ్ల అట్ట లోపల కూడా పసుపెక్కుతుంది. టీ నీళ్ల అట్ట బయట గోధుమరంగు, చింపినచోట తెల్లగా ఉంటుంది.

అయితే పెట్టె నిజమైనదని తేలినంత మాత్రాన లోపలి సామాను నిజమైనదని కాదు. ఖాళీ పెట్టెలకి వేరే బేరం నడుస్తుంది. మెకానిక్‌లు పారేసిన పెట్టెలు కిలోల లెక్కన కొట్లకి చేరతాయి. కాబట్టి పెట్టె మీది నంబరు, సామాను మీది నంబరు ఒక్కటేనా అని చూడండి. తర్వాత పెట్టె పక్కన పెట్టేసి సామాను ఒక్కదాన్నే చూడండి.

డెల్కో మీద ఎక్కువసేపు ఆగాలి. లూకాస్ డిస్ట్రిబ్యూటర్ ఒంటి మీద మూడు సంగతులు కొట్టి ఉంటాయి: మోడల్, అయిదంకెల పార్ట్ నంబరు, తయారీ తేదీ. మోడల్ అంటే 25డీ4 లాంటిది. పార్ట్ నంబరు చివర ఒక అక్షరం ఉండొచ్చు. తేదీ ఎక్కువగా వారం, ఏడాది కలిపి ఉంటుంది. ‘35 66’ అంటే 1966లో ముప్పై అయిదో వారం. మీ బండి 1967ది కాబట్టి తేదీ 66 చివర్లోనో 67లోనో పడితే సరిపోతుంది. 45డీ అని కొట్టి ఉండి ‘1967ది’ అంటే కుదరదు, ఆ మోడల్ 1970లలో వచ్చింది. తేదీ అసలు లేకపోతే ఎందుకు లేదని అడగండి. గీకేసి ఉంటే ఆ చోట మెరుపు చుట్టూ ఉన్న లోహానికి తేడాగా ఉంటుంది.

అంకెలు ఎలా పడ్డాయో కూడా చూడండి. అప్పట్లో ఉక్కు అచ్చుని సుత్తితోనో ప్రెస్‌తోనో దించేవాళ్లు. అలా దిగినప్పుడు అల్యూమినియం పక్కలకి తన్నుకుని అంకె చుట్టూ సన్నటి గట్టు లేస్తుంది, గోటితో తడిమితే తెలుస్తుంది. ఒక అంకె లోతుగా, పక్కది తేలికగా, ఒకటి కాస్త పక్కకి ఒరిగి ఉండటం మామూలే. ఇప్పుడు చేసేవాళ్లు సీఎన్‌సీ (కంప్యూటర్ నడిపే మిషన్) మీదో లేజర్‌తోనో చెక్కుతారు. అప్పుడు అన్ని అంకెలూ ఒకే లోతు, అడుగు చదునుగా ఉంటుంది, గట్టు లేవదు, గీతల చివర్లు గుండ్రంగా తిరుగుతాయి. లేజర్ అయితే ఆ చోట నల్లగా కాలిన ఛాయ ఉంటుంది. పక్కనుంచి టార్చి వెలుతురు పడేలా పట్టుకుని ఒక ఫొటో తీయమని అడగండి. ఎదురుగా ఫ్లాష్ కొట్టి తీసిన ఫొటోలో ఈ తేడాలేవీ కనబడవు. ఈ ఒక్క ఫొటోకే చాలామంది అమ్మకందార్లు మాయమైపోతారు.

పోతపోసిన ముక్కకి ఇంకో పరీక్ష ఉంది, నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. నకిలీ చేసేవాడు కొత్తగా నమూనా చెక్కడు. అసలు ముక్కనే ఇసుకలో అచ్చుపెట్టి అందులో లోహం పోస్తాడు. కరిగిన అల్యూమినియం చల్లారి గట్టిపడేటప్పుడు దాదాపు నూటికి 1.3 వంతు కుదించుకుపోతుంది, పోత ఇనుము ఒక వంతు. అంటే అసలు మీద 100 మి.మీ. ఉన్నచోట నకిలీ మీద 98.7 మి.మీ. ఉంటుంది. బోల్టు రంధ్రాలు తర్వాత డ్రిల్ చేస్తారు కాబట్టి అవి సరైన దూరంలోనే ఉంటాయి. వాటిని కొలిచి మోసపోకండి. మిషన్ తగలని చోటు కొలవండి: పోతలోనే వచ్చిన పేరు పొడవు, పక్క పట్టీల మధ్య దూరం, గిన్నె వెలుపలి గోడ. మీ బండి మీది పాత ముక్కని వర్నియర్‌తో (మిల్లీమీటరులో పదో వంతు కూడా చూపించే కొలత పనిముట్టు) కొలిచి రాసుకుని, అమ్మేవాడిని అదే చోట స్కేలు పెట్టి ఫొటో తీయమనండి. కాపీ మీది అక్షరాల మూలలు కూడా కరిగి గుండ్రంగా అయిపోతాయి. కాపీకి కాపీ తీసిన ముక్క అయితే పేరు చదవడమే కష్టం.

ఇక థ్రెడ్. మన మెకానిక్‌లలో కూడా కొందరు దీన్ని పట్టించుకోరు. అంబాసిడర్ ఇంజిన్ ఇంగ్లాండ్ బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) వంశం, 1489 సీసీ, బోల్టులు ఎక్కువగా యూఎన్‌ఎఫ్ అనే అంగుళాల థ్రెడ్. ఫియట్, అంటే పద్మిని, మొదటినుంచీ మెట్రిక్, అంటే మిల్లీమీటర్ల లెక్క. లూకాస్ డెల్కో, ఎస్‌యూ కార్బురేటర్‌లలో చిన్న స్క్రూలు ఎక్కువగా బీఏ అనే పాత బ్రిటిష్ థ్రెడ్. ఇప్పటి వర్క్‌షాపులో బీఏ ట్యాప్ (రంధ్రంలో థ్రెడ్ కోసే పనిముట్టు) ఉండదు, మెట్రిక్ ఎమ్5తో కొట్టేస్తారు. 2 బీఏ స్క్రూ మందం 4.7 మి.మీ., ఎమ్5ది 5. ఫొటోలో తెలియదు గానీ చేతికొచ్చాక వర్నియర్ పెడితే క్షణంలో తేలుతుంది. పెద్ద బోల్టుకి స్పానర్ చాలు. 5/16 అంగుళాల యూఎన్‌ఎఫ్ బోల్టు తలకి అర అంగుళం స్పానర్ పట్టాలి. పట్టకుండా 13 నంబరు స్పానర్ బిగుతుగా కూర్చుంటే అది ఎమ్8. ఎమ్8 బోల్టుని 5/16 రంధ్రంలో తిప్పితే మొదటి చుట్టు సాఫీగా పోయినట్టే పోయి రెండో చుట్టులో పట్టేస్తుంది. అక్కడ బలంగా తిప్పితే బ్లాకు థ్రెడ్ పోతుంది. యూనిఫైడ్ థ్రెడ్ (యూఎన్‌ఎఫ్ ఆ కుటుంబానిదే) అని చెప్పడానికి అప్పటి బ్రిటిష్ బోల్టుల మీద ఒకదాన్నొకటి ఆనుకున్న మూడు చిన్న సున్నాల గుర్తు ఉండేది. 8.8 అని ఉంటే అది మెట్రిక్.

గుర్తుల్ని కూడా కాపీ కొట్టేస్తారన్నది మరవకండి. రెండో ప్రపంచ యుద్ధం నాటి ఫోర్డ్ జీపులో బోల్టు తల మీద కూడా ఫోర్డ్ వాళ్ల ‘ఎఫ్’ అక్షరం ఉండేది. జీపు మోజున్నవాళ్లు దాన్నే వెతుకుతున్నారని తెలిసి, ఇప్పుడు ‘ఎఫ్’ బోల్టులు కొత్తగా చేసి అమ్ముతున్నారు. అందుకే గుర్తు ఒక్కదాన్నే పట్టుకుని ఊరేగకూడదు.

డెల్కోలో అసలు ప్రాణం తీసేది రోటర్, అంటే షాఫ్ట్ మీద తిరుగుతూ స్పార్కుని ఒక్కో ప్లగ్గు వైపు పంపే ముక్క. డెల్కో ఒళ్లు నకిలీ అయితే డబ్బు పోతుంది, రోటర్ నకిలీ అయితే రావులపాలెం బ్రిడ్జి మీద బండి ఆగిపోతుంది. కొత్తగా చేస్తున్న నాసిరకం రోటర్లలో ఇత్తడి పలకని రివెట్‌తో బిగిస్తారు. ఆ రివెట్ కింది కొస షాఫ్ట్‌కి మరీ దగ్గరగా వస్తుంది. నల్ల ప్లాస్టిక్‌లో కార్బన్ ఎక్కువైతే స్పార్కు ప్లగ్గుకి పోకుండా అందులోంచి షాఫ్ట్‌లోకి దిగిపోతుంది. చల్లగా ఉన్నప్పుడు బండి బాగా నడుస్తుంది. వేడెక్కాక ఆగిపోతుంది, అరగంట ఆగితే మళ్లీ స్టార్టవుతుంది. పెట్రోలు పంపు, కాయిల్, కార్బురేటర్ అన్నీ మార్చి చివరికి రోటర్ దగ్గరికొస్తారు. పరీక్ష ఇలా: క్యాప్ తీసి, కాయిల్ నుంచి వచ్చే లావు వైరు కొసని రోటర్ ఇత్తడికి మూడు మి.మీ. దూరంలో ఇన్సులేషన్ ఉన్న ప్లయర్‌తో పట్టుకోవాలి. ఇగ్నిషన్ ఆన్ చేసి డెల్కోలోని పాయింట్లు (కాయిల్ కరెంటుని తెంపి కలిపే చిన్న స్విచ్) తెరుస్తూ మూస్తూ ఉండాలి. రోటర్ మంచిదైతే స్పార్కు దూకదు, ఎందుకంటే అది పోవడానికి దారి లేదు. మళ్లీ మళ్లీ దూకిందంటే రోటర్ లోపల్నుంచి కారుతోందన్నమాట. ఒట్టి చేత్తో పట్టుకోకండి, గుండె జబ్బున్నవాళ్లు ఈ పని దగ్గరికే పోవద్దు. రివెట్ లేని రకం రోటర్లు దొరుకుతాయి, పాతదో కొత్తదో చూడకుండా అవే వేసుకోండి. ఇక్కడ ఒరిజినల్ అన్న పట్టింపు అనవసరం.

కార్బురేటర్‌కి వద్దాం. ఇంగ్లాండులో చేసిన ఎస్‌యూకి పైనున్న ఒక స్క్రూ కింద చిన్న అల్యూమినియం బిళ్ల బిగించి ఉంటుంది, దాని మీద ఏయూడీ అక్షరాలు, నంబరు కొట్టి ఉంటాయి. ఆ నంబరు ఏ బండికి చెందిందో పాత కేటలాగుల్లో దొరుకుతుంది. ఎంజీ స్పోర్ట్స్ బండిదో, మారిస్ మైనర్‌దో తెచ్చి ‘అంబాసిడర్‌ది’ అనడం మామూలే. అది నకిలీ కాకపోయినా మీకు పనికిరాదు, పెట్రోలు ఎంత పోవాలో తేల్చే సూది లెక్క వేరు. బిళ్లలు కొత్తవి కూడా అమ్ముతారు కాబట్టి అదొక్కటే చూసి డబ్బు వేయకండి. చూడాల్సింది లోపలి పిస్టన్. వేలితో పైకెత్తి వదిలితే అడ్డు లేకుండా జారి, కింద వంతెన (పిస్టన్ వచ్చి ఆనే గట్టు) మీద ‘టక్’మని లోహం చప్పుడుతో పడాలి. పిస్టన్ మీద బోర్లించిన గిన్నె, పిస్టన్ ఒకదానికొకటి జతగా చేస్తారు. వేర్వేరు కార్బురేటర్లవి కలిపేస్తే మధ్యలో పట్టేస్తుంది. ఇది వీడియోలో చూపించమనొచ్చు, చప్పుడు కూడా వినబడుతుంది. పక్కనున్న థ్రాటిల్ కడ్డీని అటూ ఇటూ ఊపి చూపించమనండి. ‘వాడని పాత స్టాకు’ కార్బురేటర్‌లో కడ్డీ ఆడిందంటే అది వాడిందే, సోడా బ్లాస్టింగ్ చేసి (సోడా పొడిని గాలితో జోరుగా కొట్టి) తెల్లగా చేశారు. బోల్టు బిగించిన చోట వాషర్ అచ్చు గుండ్రంగా పడి ఉన్నా అంతే.

హెడ్‌లైట్ల విషయం తేలిక. రిమ్ దగ్గర అయస్కాంతం పెట్టండి. ఇంగ్లాండ్ లూకాస్ రిమ్‌లు చాలా మోడళ్లలో ఇత్తడి మీద క్రోమ్ పూత, వాటికి అయస్కాంతం గట్టిగా పట్టదు. పట్టిందంటే ఇనుము, మన గోదావరి గాలికి రెండు వర్షాకాలాల్లో అంచునుంచి పొక్కులొస్తాయి. గాజు మీది గీతల వరసకి పని ఉంది. డిమ్ వేసినప్పుడు వెలుతురు రోడ్డు ఎడమ అంచుకి వాలాలి. కుడివైపు నడిపే దేశాల కోసం చేసిన గాజు మన రోడ్డు మీద ఎదురొచ్చేవాడి కళ్లలో కొడుతుంది. పేరు లూకాస్ అని ఉన్నా అది వద్దు. మూడు కాళ్ల క్రోమ్ కమ్మీ ఉన్న పీ700 లైట్లు చూపిస్తే అసలు తీసుకోకండి. అవి మీ బండివి కావు, పైగా పేరు కోసం అందరూ కాపీ కొట్టేది వాటినే.

బ్రేక్ సిలిండర్ మాత్రం వేరే లెక్క, ఇక్కడ నా మాట కాస్త కఠినంగానే ఉంటుంది. పాత స్టాకు బ్రేక్ సామాను నిజమైనదైనా కొనకండి. రబ్బరు వాడినా వాడకపోయినా ముసలిదవుతుంది. యాభై ఏళ్లు పెట్టెలో ఉన్న సీలు పైకి నున్నగా కనిపిస్తుంది. వంచితే అంచున సన్నటి చీలికలు తెరుచుకుంటాయి. గట్టిగా తొక్కితే పెడల్ నేలకి పోతుంది. పోత ఇనుప సిలిండర్ లోపల, గ్రీజు ఎండిపోయినచోట తుప్పు గుంటలు పడుంటాయి. కాబట్టి బ్రేక్ సీళ్లు, హోసులు ఇప్పుడు తయారైనవే కావాలి. బ్రేక్స్ ఇండియా లాంటి బ్రేకులు చేసే కంపెనీ సామాను, డీలర్ బిల్లుతో. పాత సిలిండర్ ఒళ్లు బాగుంటే లోపల స్టీలు స్లీవ్ వేయించి కొత్త కిట్టు వేయించుకోవచ్చు. నకిలీ బ్రేక్ సిలిండర్‌ని పోల్చడం కూడా కష్టం కాదు. లోపల వేలు పెడితే గరుకు తగులుతుంది, పోర్టు రంధ్రం అంచున డ్రిల్ ముల్లు మిగిలి ఉంటుంది, సీలుని అదే కోసేస్తుంది. పాత బ్రేక్ లైనర్లని గీకి, ఊది చూడకండి. అప్పటివాటిలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోకూడదు.

మీరు అడగకపోయినా బేరింగులూ పిస్టన్ల గురించి రెండు ముక్కలు, ఎలాగూ ఇంజిన్ విప్పుతారు. వాడేసిన బేరింగుకి బయటి రింగు పాలిష్ చేసి, కొత్తగా పేరు చెక్కి అమ్మడం పాత దందా. కంటితో కనిపెట్టడం మాలాంటివాళ్లకే కష్టం. ఎస్‌కేఎఫ్ అయితే ఆ కంపెనీదే ‘ఎస్‌కేఎఫ్ ఆథెంటికేట్’ అనే యాప్ ఉంది, ఫొటోలు పంపితే వాళ్లే చెప్తారు. పిస్టన్లు నాలుగూ బంగారం తూచే కాటాలో తూయించండి. ఒక సెట్టులో నాలుగింటి మధ్య తేడా కొద్ది గ్రాములు దాటకూడదు. దాటితే వేర్వేరు సెట్లనుంచి ఏరినవో, ఫ్యాక్టరీ తోసేసినవో. అంబాసిడర్ పిస్టన్ తల మీద 020, 040 అని ఓవర్‌సైజు (మామూలు కొలతకన్నా ఎంత పెద్దదో) అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన ఉంటుంది. పెట్టె మీద ఒకటి, తల మీద ఇంకొకటి ఉందేమో చూసి, మైక్రోమీటర్ పెట్టించాకే బోరింగుకి ఇవ్వండి. ముందు బోరు కొట్టించి తర్వాత పిస్టన్ వెతికితే లేత్ షాపువాడికి మళ్లీ డబ్బు కట్టాలి.

ఇంకోటి, ఎవరైనా ‘చాసిస్ ప్లేటు కూడా కొత్తగా చేయించిపెడతాం, మీ నంబరు కొట్టిస్తాం’ అంటే ఆ మనిషి ఫోన్ నంబరు బ్లాక్ చేసేయండి. మీ బండికి యాభై ఏళ్లు దాటాయి. 2021 జులైలో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం వింటేజ్ రిజిస్ట్రేషన్‌కి వెళ్లొచ్చు, ‘వీఏ’ అక్షరాలున్న నంబరు వస్తుంది. పదేళ్లకి కొత్త రిజిస్ట్రేషన్ ఫీజు 20,000 రూపాయలు, మళ్లీ చేయించుకుంటే 5,000. చాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉండాలన్నదే అందులో ముఖ్యమైన షరతు. కొత్తగా కొట్టించిన నంబరు పలకతో ఆర్టీఓ దగ్గర నిలబడితే, మీ తాతగారి నిజమైన బండి కూడా దొంగబండిలా కనబడుతుంది. నంబరు గీకేసిన ఇంజిన్ బ్లాకు ఎంత చవకైనా అంతే.

మీ అమ్మకందారుడి విషయానికొస్తే, సగం డబ్బు ముందు వేయకండి. కొరియర్ అయితే సామాను అందాక, లేదా ఆ ఊళ్లో తెలిసినవాళ్లు చూసి తీసుకున్నాక డబ్బు. చెన్నై పుదుప్పేట, ఢిల్లీ మాయాపురి, కోల్‌కతా మల్లిక్ బజార్, ఇటు సికింద్రాబాద్ రాణిగంజ్, విజయవాడ ఆటోనగర్ ఎక్కడైనా సరే, చేత్తో పట్టుకుని చూసి కొన్నదానికి ఫొటోలో చూసి కొన్నది సాటిరాదు. వెళ్లేటప్పుడు వర్నియర్, చిన్న అయస్కాంతం, అద్దం, టార్చి, అర అంగుళం స్పానర్, మీ పాత సామాను పట్టుకెళ్లండి. వెళ్లడం కుదరకపోతే, పెట్టె మూసి ఉన్న దగ్గర్నుంచి సామాను చుట్టూ తిప్పి చూపించేదాకా మధ్యలో కట్ లేని వీడియో అడగండి. పక్కన కాగితం మీద మీ పేరు, ఆ రోజు తేదీ రాసి పెట్టమనండి. అదే ఫొటో ఇంకెక్కడైనా ఉందేమో గూగుల్‌లో ఫొటో పెట్టి వెతకండి. వంటింటి కాటా మీద పెట్టి తూకం చూపించమనండి, మీ పాతదాని తూకంతో పోల్చుకోవచ్చు. దొరకడమే కష్టం అన్న సామాను ఆయన దగ్గర పది జతలుంటే ఎక్కడివని అడగండి.

బిల్లు మీద తయారీదారు పేరు, పార్ట్ నంబరు, ‘ఒరిజినల్’ అన్న మాట రాయించుకోండి. పేరు దొంగిలించి కొట్టిన సామాను అమ్మడం 1999 ట్రేడ్ మార్క్స్ చట్టం కింద నేరం, ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50,000 నుంచి రెండు లక్షల దాకా జరిమానా. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. కానీ చేతిలో బిల్లు లేకుండా, ఫోన్‌పే స్క్రీన్‌షాట్ ఒక్కటీ పట్టుకుని వెళ్తే మీ వాదన నిలబడటం కష్టం. ‘బిల్లు ఇవ్వం, ఇస్తే ఒరిజినల్ అని రాయం’ అన్నాడంటే లోకల్ సామాను రేటు కట్టి బేరమాడండి, లేదా వదిలేయండి.

మీ నాలుగింటిలో బ్రేక్ సిలిండర్ ఆయన దగ్గర కొనొద్దు. హెడ్‌లైట్లకి అయస్కాంతం వీడియో, డిమ్ వెలుతురు గోడ మీద పడే ఫొటో అడగండి. కార్బురేటర్‌కి పిస్టన్ చప్పుడు, థ్రాటిల్ కడ్డీ ఆట, ఏయూడీ నంబరు. డెల్కోకి పక్కవెలుతురులో నంబరు ఫొటో, తేదీ కనబడేలా. ఇవి వచ్చాక, మీ బండిలో ఇప్పుడున్న డెల్కో మీది నంబరుతో కలిపి నాకు పంపండి, రెండూ పక్కపక్కన పెట్టి చూసి చెప్తాను. ఈలోగా మీ పాత డెల్కో షాఫ్ట్ పట్టుకుని అటూ ఇటూ ఊపి చూడండి. ఆట కొద్దిగానే ఉంటే బుష్ మార్పించడం ఏ ‘మేడ్ ఇన్ ఇంగ్లాండ్’ కన్నా చవక.